ఏ ఎండకా గొడుగు



తాడేపల్లిగూడెం, ఏలూరు చుట్టుపక్కల పుట్టగొడుగుల పెంపకం మొదలుపెట్టినవాళ్లు ఏడాది తిరక్కుండానే ఒక ప్రశ్న అడుగుతారు. "విత్తనం అదే, వరిగడ్డి అదే, నీళ్లూ అవే. సంక్రాంతి రోజుల్లో సంచి చుట్టూ గుత్తులు గుత్తులుగా కాసింది. ఉగాది దాటేసరికి ఒక్క మొగ్గైనా తొడగకుండా కుళ్లిపోయింది. ఎక్కడ పొరపాటు చేశాం?" గడ్డి సరిగ్గా ఉడకలేదేమో, చేతులు శుభ్రంగా లేవేమో, ఈగలు చొరబడ్డాయేమో అని షెడ్డంతా వెతుకుతారు. చాలాసార్లు వాళ్ల వైపు పొరపాటేమీ ఉండదు. ఆ పుట్టగొడుగు వంశం ఏ ఊరి చల్లదనానికి అలవాటుపడిందో ఆ చల్లదనం తగిలితే తప్ప అది మొగ్గ తొడగదు. ఏలూరు ఏప్రిల్ నెలలో ఆ చల్లదనం రాదు.

ఒకే జాతి పుట్టగొడుగులో ఒక్కో ప్రాంతపు ఎండ, చలి, తేమ కలిసి ఒక్కో రకాన్ని ఎలా తయారుచేస్తాయో ఈ రోజు మాట్లాడుకుందాం. శాస్త్రవేత్తలు ఆ రకాన్ని స్ట్రెయిన్ అంటారు. వరి విషయంలో ఈ సంగతి మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సార్వాకు వేసే స్వర్ణను దాళ్వాకు వేయరు. ఏ పంటకాలానికి ఏది తగునో తేల్చడానికే మార్టేరు పరిశోధన స్థానం 1925 నుంచి పనిచేస్తోంది. రైతు దుకాణానికి వెళ్లి "వడ్ల విత్తనం ఇవ్వండి" అని ఊరుకోడు, మార్టేరు రకాలకుండే ఎంటీయూ నంబరు చెప్పి అడుగుతాడు. అదే రైతు పుట్టగొడుగుల దగ్గరకు వచ్చేసరికి "ఆయిస్టర్ విత్తనం రెండు కిలోలు" అంటాడు. ఏ రకం, ఎక్కడి నుంచి సేకరించింది, ఎన్ని డిగ్రీల దగ్గర కాస్తుంది అని అడగడు. అమ్మేవాళ్లు కూడా ప్యాకెట్ మీద ఆ వివరాలు రాయడం అరుదు. ఈ అలవాటు మారాలని నా కోరిక.

ముందు మన గాలి సంగతి చూద్దాం. ఏలూరు కాలువకు దిగువన మాగాణి, ఎగువన మెట్ట. దిగువన నల్లరేగడి, వరి, చేపల చెరువులు, వాటి మధ్యలో కొల్లేరు. ఎగువన ఎర్రనేల, జీడిమామిడి, పామాయిల్ తోటలు, బోరు నీళ్లు. కొల్లేరు లంకల్లో నీటి పక్కన గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పగటికీ రాత్రికీ వేడిలో తేడా తక్కువ. మెట్ట మీద పగలు మాడుతుంది, చలికాలంలో తెల్లవారుజామున బాగా చల్లబడుతుంది. రెండు చోట్లా మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అసలైన చలి మాత్రం రెండు చోట్లా లేదు. ఆ చలి కావాలంటే లంబసింగి కొండ ఎక్కాలి. ఒకే రాష్ట్రంలో ఇంత తేడా ఉన్నప్పుడు ఒకే విత్తనం అన్ని చోట్లా ఒకేలా కాయాలని ఎలా కోరుకుంటాం?

మన మాగాణి గాలికి పుట్టుకతోనే సరిపోయిన పుట్టగొడుగు ఒకటుంది. వరిగడ్డి పుట్టగొడుగు. శాస్త్రీయ నామం వోల్వేరియెల్లా వోల్వేసియా. తొలకరి పడ్డాక తడిసి లోపల వెచ్చబడిన గడ్డిమేటు పక్కన, బూడిద రంగు గుడ్డులా మొదలై, పైపొర చీల్చుకుని గొడుగు విప్పుతుంది. దాని దారాలు, అంటే గడ్డిలోపల తెల్లగా అల్లుకుపోయే బూజు, 35 డిగ్రీల దగ్గర అన్నిటికంటే హుషారుగా పెరుగుతాయి. 28 నుంచి 35 మధ్య కాపు వస్తుంది. మనకు ఉక్కపోసే రోజులే దానికి సుఖం. విత్తనం వేసిన వారం పది రోజుల్లోనే మొగ్గలు కనిపిస్తాయి. పెంచే పుట్టగొడుగుల్లో ఇంత తొందరగా కాసేవి అరుదు.

దీనికి చలి అంటే ప్రాణాంతకం. కోసిన పుట్టగొడుగుల్ని ఫ్రిజ్‌లో పెడితే నిలవుంటాయనుకుంటాం. వీటిని 4 డిగ్రీల్లో పెట్టి చూడండి, ఒకటి రెండు రోజుల్లో నీళ్లుగా కరిగిపోతాయి. చలికి కణాల పొరలు దెబ్బతిని, కణం తన రసాలతో తానే జీర్ణమైపోతుంది. కోసిన పుట్టగొడుగే కాదు, ప్రయోగశాలలో గాజుగొట్టంలో దాచిన తల్లి విత్తనం కూడా అంతే. మిగతా పుట్టగొడుగుల తల్లి విత్తనాన్ని ఫ్రిజ్‌లో నెలల తరబడి దాస్తారు. దీన్ని మాత్రం 15 డిగ్రీలకు పైనే ఉంచి, తరచూ కొత్త గొట్టంలోకి మార్చుకుంటూ కాపాడాలి. చలి తెలియని నేలలో తరతరాలుగా బతికిన జాతికి చలిని తట్టుకునే ఏర్పాటు అవసరం పడలేదు, అందుకే అది దాని ఒంట్లో లేదు. వాతావరణం ఒక జీవిని ఎంత లోతుగా మలుస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఈ పుట్టగొడుగును దక్షిణ చైనాలో కొన్ని వందల ఏళ్లుగా పండిస్తున్నారు. మన దేశంలో 1943లో కోయంబత్తూరులో కె.ఎం. థామస్, ఆయన సహచరులు దీని సాగు మొదలుపెట్టారు. అప్పుడు మన గోదావరి జిల్లాలూ కోయంబత్తూరూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఇప్పుడు ఈ పంటలో దేశానికి దారి చూపిస్తున్నది ఒడిశా. అదే బంగాళాఖాతం గాలి, అదే వరిగడ్డి, అదే ఉక్క. అక్కడి పల్లెల్లో ఆడవాళ్లు ఇంటి వెనక నీడలో గడ్డికట్టలు పేర్చి, పప్పు పొడి చల్లి, పాలిథిన్ కప్పి కాయించుకుంటున్నారు. పది కిలోల ఎండుగడ్డికి వచ్చేది కిలో, కిలోన్నరే. ఆయిస్టర్‌తో పోలిస్తే దిగుబడి బాగా తక్కువ. అయినా ఆ రుచి మరిగినవాళ్లు దానికి మంచి ధర ఇస్తారు. గోదావరి జిల్లాల్లో ఇంత గడ్డి పెట్టుకుని మనం దీన్ని పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక ఆయిస్టర్ కథ. మన ఊళ్లలో ఎక్కువగా పెంచేది ఇదే. చిప్పలాంటి తెల్లటి టోపీ, పక్కకు వాలిన కాడ. దీని ప్రధాన జాతి ప్లూరోటస్ ఆస్ట్రియేటస్. యూరప్ అడవుల్లో ఆకులు రాలాక, చలి ముదిరాక, చచ్చిన చెట్ల మొదళ్ల మీద కాస్తుంది. మంచు పడుతున్న రోజుల్లోనూ కనిపిస్తుంది. దాన్ని పెంచాలంటే బూజు అల్లుకున్నాక కొన్నాళ్లు చలి తగిలించాలి. 15 డిగ్రీల లోపలికి దిగితేగాని మొగ్గ తొడగదు. జర్మనీ అడవికి ఆ నియమం ఎంతో అవసరం. వెచ్చగా ఉన్న రోజుల్లో తొందరపడి మొగ్గ తొడిగితే పురుగులు తినేస్తాయి, ఎండ ఆర్చేస్తుంది. చలి వచ్చిందంటే తేమ కూడా వచ్చినట్టే. కాబట్టి చలి కోసం ఆగిన వంశాలే అక్కడ నిలిచాయి.

1950ల చివరలో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఎస్.ఎస్. బ్లాక్, ఆయన సహచరులు తమ ప్రాంతంలో దొరికిన ఆయిస్టర్‌ను పెంచి చూశారు. ఫ్లోరిడా వెచ్చటి నేల. సముద్రం, చిత్తడి, కుంభవృష్టి, తుపానులు. అక్కడి ఆయిస్టర్‌కు చలి అక్కర్లేకపోయింది. ఆ ఫ్లోరిడా రకం తర్వాత జర్మనీ చేరింది. గెర్లిండ్ ఎగర్ అనే శాస్త్రవేత్త దాన్ని శ్రద్ధగా పరిశీలించారు. చూడటానికి కాస్త వేరుగా ఉంది, కాసే కాలం పూర్తిగా వేరు. అందుకని దానికి ప్లూరోటస్ ఫ్లోరిడా అని ప్రత్యేకమైన పేరు వచ్చింది. అయితే దీన్ని, జర్మన్ అడవి రకాన్ని కలిపి చూస్తే రెండూ చక్కగా సంకరమయ్యాయి, వాటి సంతానమూ కాసింది. అంటే రెండూ ఒకే జాతి. ఒకటి మంచు దేశంలో ఉండిపోయిన శాఖ, రెండోది ఉక్క దేశంలో ఉండిపోయిన శాఖ. మధ్యలో ఉన్న తేడా వాతావరణం పెట్టింది. ఈ రెంటినీ కలిపి చలికీ ఓ మోస్తరు వేడికీ కాసే సంకర రకాలు తీశారు, యూరప్ షెడ్లలో అవి చాలాకాలంగా నడుస్తున్నాయి.

మన షెడ్లలో ఫ్లోరిడా అనే పేరుతో పెంచుతున్నది ఈ వెచ్చటి శాఖే. జర్మనీ వాళ్ల లెక్కలో అది వేసవి రకం. మన లెక్కలో? 20 నుంచి 28 డిగ్రీల మధ్య కాసేది ఏలూరులో కార్తీకం నుంచి మాఘం దాకా మాత్రమే సాగుతుంది. అక్కడి ఎండాకాలం మన చలికాలం! ఎక్కడో పుస్తకంలో "వేడిని తట్టుకునే రకం" అని చదివి వైశాఖంలో బెడ్లు వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. ఎవరి వేడి అని అడగాలి. రకం పేరు పక్కన రాసిన ప్రతి విశేషణం ఆ రాసినవాళ్ల ఊరి థర్మామీటరుతో కొలిచిందే.

మన దేశంలో వరిగడ్డి మీద ఆయిస్టర్ సాగును మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థలో జెడ్. బానో, హెచ్.సి. శ్రీవాస్తవ 1962లో చేసి చూపించారు. 1974లో సి.ఎల్. జండైక్ హిమాలయ పాదాల దగ్గర జెముడు జాతి మొక్కల మీద కాస్తున్న మరొక ఆయిస్టర్‌ను సాగులోకి తెచ్చారు. ప్లూరోటస్ సాజోర్ కాజూ అనే పేరుతో అది దేశమంతా పాకింది. తర్వాతి పరిశీలనల్లో అది ప్లూరోటస్ పల్మొనేరియస్ అనే జాతికి చెందిందని తేలింది. యూరప్‌లో ఆ పల్మొనేరియస్ వేసవిలో కాస్తుంది, ఆస్ట్రియేటస్ చలికి కాస్తుంది. వాతావరణం పెట్టిన తేడా ఎంతకాలమైనా అలాగే ఉంటే చివరికి రెండు శాఖలూ ఒకదానితో ఒకటి కలవలేని రెండు జాతులైపోవచ్చు. ఫ్లోరిడా, ఆస్ట్రియేటస్ ఇంకా అంత దూరం పోలేదు. ఇక గులాబి రంగు ఆయిస్టర్, ప్లూరోటస్ జామోర్, పుట్టుకతోనే ఉష్ణమండలపుది. మన కోస్తా వేడిలో 30 డిగ్రీలకు పైన కూడా కాస్తుంది. కోసిన రోజే వండుకోవాలి, అదొక్కటే దానితో చిక్కు.

ఎండాకాలానికి మన రైతులు ఎంచుకునే పాల పుట్టగొడుగు సంగతి కూడా ఇలాంటిదే. కాలోసైబ్ ఇండికా అనే ఈ జాతిని 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి పుర్కాయస్థ, చంద్ర వర్ణించారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం దీని నుంచి ఏపీకే-2 అనే రకాన్ని 1998లో విడుదల చేసింది. ఏపీకే అంటే అరుప్పుకోట్టై. విరుదునగర్ జిల్లాలో నిప్పులు చెరిగే మెట్ట ప్రాంతం. 30 డిగ్రీల పైన నిలకడగా కాసే రకం అలాంటి చోట నుంచి రావడంలో వింత లేదు. ఏలూరు వేసవి దానికి కొత్తగా తోచదు.

హోటల్ కూరల్లో కనిపించే బటన్ పుట్టగొడుగు కథ ఇంకా విచిత్రంగా ఉంటుంది. అగారికస్ బైస్పోరస్. 16 నుంచి 18 డిగ్రీల దగ్గర కాస్తుంది. అందుకే హిమాచల్‌లోని సోలన్, తమిళనాడులోని నీలగిరులు దాని చిరునామాలయ్యాయి. సోలన్‌కు 1997లో భారతదేశపు పుట్టగొడుగుల నగరం అనే బిరుదు కూడా వచ్చింది. ఇది చల్లటి దేశాలది అని లోకమంతా అనుకుంటున్న రోజుల్లో రిచర్డ్ కెరిగన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, మరికొందరు ఉత్తర అమెరికా అంతా తిరిగి దాని అడవి బంధువుల్ని వెతికారు. సముద్రపు ఒడ్డున సైప్రస్ చెట్ల కింద దొరికింది. కెనడాలోని అల్బర్టాలో స్ప్రూస్ చెట్ల కింద దొరికింది. కాలిఫోర్నియాలోని సోనోరన్ ఎడారిలో మెస్కిట్ చెట్ల కింద కూడా దొరికింది. మెస్కిట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. ఆ ఎడారి శాఖకు 1993లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఫిలిప్ కల్లాక్, సహచరులు బర్నెట్టీ అనే పేరు పెట్టారు. మామూలు బటన్‌కు బీజాలు మోసే ఒక్కో కణం మీద రెండే బీజాలుంటే దీనికి నాలుగు. మామూలు బటన్ మొగ్గ తొడగడానికి మొరాయించే 25 డిగ్రీల దగ్గర ఇది కాస్తుంది. రెంటినీ సంకరం చేయవచ్చు. ఏసీ గదులు లేకుండా బటన్ పండించాలనే ఆశ ఆ తుమ్మచెట్టు నీడ నుంచి పుట్టింది. బోర్డోలోని పరిశోధకులు ఆ వేడి గుణాన్ని మోసే జన్యువుల్ని వెతుకుతూ వచ్చారు.

ఈ గుణం వంశంలోకి ఎలా చేరుతుంది? వాతావరణం జన్యువును కావాలని మార్చదు. ఒక్క పుట్టగొడుగు టోపీ కింది నుంచి కోట్ల బీజాలు రాలతాయి. అన్నీ ఒక్కలా ఉండవు. గడ్డి పుట్టగొడుగునే తీసుకోండి, ఒకే టోపీ నుంచి రాలిన బీజాల్ని విడివిడిగా పెంచితే కొన్ని జోరుగా పరుగెత్తుతాయి, కొన్ని నత్తనడక నడుస్తాయి, కొన్ని కాయవు. ఆ ఏడాది ఎండకు, ఆ నేల తేమకు, ఆ గాలికి ఏవి తట్టుకుంటే అవే మళ్లీ కాసి బీజాలు రాలుస్తాయి. ఇది వేల ఏళ్లు సాగితే ఆ ఊరి శాఖ ఆ ఊరికి తగినట్టు తయారవుతుంది.

దీన్ని జన్యువుల్లో చూపించిన పరిశోధనలున్నాయి. కాలిపోయిన చెరకు మోళ్ల మీద నారింజ రంగు పొడిలా పట్టే న్యూరోస్పోరా అనే బూజు ఉంది. గొడుగు విప్పేది కాదు, అయినా శిలీంధ్రమే. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో అమెరికాలోని లూసియానా శాఖను, కరీబియన్ దీవుల శాఖను పక్కపక్కన పెట్టి చదివారు. రెండు చోట్లా ఏడాదిలో అతి తక్కువ ఉష్ణోగ్రతలకు మధ్య తేడా సుమారు 9 డిగ్రీలు. జన్యువుల్లో ఎక్కువ తేడా కనిపించిన చోట్ల ఒకటి చలికి సంబంధించింది, ఇంకొకటి రాత్రీ పగలూ లెక్కపెట్టే లోపలి గడియారానిది. 10 డిగ్రీల చలిలో పెంచి చూస్తే లూసియానా శాఖే ముందుకు పోయింది.

అదే బర్క్‌లీ వాళ్లు 2015లో సుయిల్లస్ బ్రెవిపెస్ అనే పైన్ చెట్ల కింది పుట్టగొడుగును పరిశీలించారు. సముద్రపు ఒడ్డు శాఖ ఒకటి, కొండల మీది శాఖ ఒకటి. రెంటికీ మధ్య గట్టిగా తేడా చూపిన జన్యువుల్లో ఒకటి ఉప్పును కణం నుంచి బయటికి నెట్టే పనికి సంబంధించింది. దీన్ని చదివినప్పుడు నాకు ఉప్పుటేరు గుర్తొచ్చింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు కొల్లేరు నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తాయి. ఎండాకాలంలో కొల్లేట్లో మట్టం పడిపోతే అదే ఏటి గుండా ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఆ గట్ల మీద గడ్డిలో, జమ్ములో, కిక్కిసలో బతికే శిలీంధ్రాలకు వేడితో పాటు ఉప్పు కూడా పరీక్షే. వాతావరణం అంటే ఒక్క ఉష్ణోగ్రతే అనుకోకూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చూడటానికి తేడాగా ఉన్నవన్నీ వేరు వేరు రకాలు కావు. ఒకే ప్యాకెట్‌లోని విత్తనం ఏలూరు షెడ్డులో పొడుగు కాడ, చిన్న టోపీతో వచ్చి, తాడేపల్లిగూడెం షెడ్డులో పొట్టి కాడ, వెడల్పు టోపీతో రావచ్చు. మొదటి షెడ్డులో గాలి ఆడక బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఉంటుంది, వెలుతురు చాలి ఉండదు. కిటికీలు తెరిస్తే తర్వాతి కోతకే బాగుపడుతుంది. గడ్డి పుట్టగొడుగు కూడా వెలుతురులో నల్లబడుతుంది, చీకట్లో తెల్లగా వస్తుంది. ఇవి వాతావరణం అప్పటికప్పుడు పెట్టే మార్పులు, వంశంలో దిగవు. రకాల మధ్య నిజమైన తేడా తెలియాలంటే పని ఒకటే. రెంటినీ ఒకే షెడ్డులో, ఒకే గడ్డి మీద, ఒకే రోజు వేసి చూడాలి. అప్పటికీ తేడా నిలిస్తే అది విత్తనంలోది. తర్వాత అదే జంటను మెట్ట మీద ఒకచోట, మాగాణిలో ఒకచోట వేయాలి. మెట్టలో గెలిచింది మాగాణిలో ఓడితే, ఏ ఊరికి ఏది అనేది మనకు తెలిసిపోతుంది. వరికి దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే.

బయటి వాతావరణం మీద ఆధారపడకుండా తన వాతావరణం తానే కట్టించుకున్న పుట్టగొడుగు కూడా మన దగ్గర ఉంది. ఆరుద్ర కార్తెలో వానలు పడ్డాక బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు గిరిజనులు ఏరి తెచ్చే చెదపుట్టల గొడుగులు. టెర్మిటోమైసెస్ అనే ఈ ప్రజాతిని చెదలే పెంచుతాయి. పుట్ట లోపల నమిలిన ఆకు, కట్టె పొడితో తేనెపట్టులాంటి తోట కట్టి, వేడి, తేమ పెద్దగా మారకుండా చూసుకుంటాయి. బయట రోహిణి కార్తె మండుతున్నా లోపల నిలకడే. ఆఫ్రికా, ఆసియా తప్ప మరెక్కడా ఈ పొత్తు లేదు. మనుషులు దాన్ని షెడ్డులో కాయించలేకపోయారు. ఆ రుచి కోసం వానాకాలం దాకా ఆగాల్సిందే.

మళ్లీ మన గడ్డిమేటు దగ్గరకు వద్దాం. ఈ దేశంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన విత్తనం మీద మనం ఆధారపడుతున్నాం. మన ఉక్కలో, మన స్వర్ణ గడ్డి మీద, మన ఊరి నీళ్లతో ఎన్నో తరాలుగా కాస్తున్న గడ్డి పుట్టగొడుగు శాఖ మన మేట్ల పక్కనే ఉంది. దాని ఆధారం మాత్రం జారిపోతోంది. కోత యంత్రాలు వచ్చాక గడ్డి చేలోనే చెల్లాచెదురుగా పడిపోతోంది. దాళ్వా దుక్కి తొందరలో చాలాచోట్ల తగలబెడుతున్నారు. కొల్లేరు చుట్టూ వరిచేలు చేపల చెరువులయ్యాయి. పశువులు తగ్గాయి, మేటు వేసే ఇళ్లూ తగ్గాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి చేరింది, 2006లో చెరువు గట్లు కొట్టారు. గూడబాతుల కోసం ఇంత చేశాం, చేయాల్సిందే. ఆ ఒడ్డున గడ్డిలో బతికే శిలీంధ్రాల లెక్క కూడా ఎవరైనా తీయాలని అడుగుతున్నాను.

గడ్డి దొరకనిచోట మేత వేరేదైనా కావచ్చు. కొల్లేట్లో నీటి దారి మూసేసే గుర్రపుడెక్కను ఎండబెట్టి దాని మీద పుట్టగొడుగులు పెంచవచ్చు. మలేసియా, ఇండోనేసియాల్లో పామాయిల్ మిల్లుల దగ్గర గెలల పిప్పి మీద ఈ గడ్డి పుట్టగొడుగే కాస్తుంది, అక్కడివాళ్లు ఇష్టంగా తింటారు. మన పెదవేగిలో జాతీయ స్థాయి ఆయిల్ పామ్ పరిశోధనా సంస్థ ఉంది, చుట్టూ తోటలున్నాయి, మిల్లులున్నాయి, పిప్పి గుట్టలున్నాయి. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, ఉండిలో, వెంకట్రామన్నగూడెంలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. మెట్ట, మాగాణి, కొల్లేరు ఒక గంట ప్రయాణంలో కలిసొచ్చే ఇలాంటి చోటు పరిశోధనకు అరుదుగా దొరుకుతుంది. ప్రతి తొలకరికీ విద్యార్థుల్ని ఊళ్లకు పంపి మేట్ల పక్కన, పిప్పి గుట్టల మీద కాసినవి సేకరిస్తే, కొన్నేళ్లలో మన జిల్లాల విత్తన భాండాగారం తయారవుతుంది.

వినేవాళ్లలో మేటు ఉన్న రైతులుంటే మీరు చేయగలిగినది చెబుతాను. గొడుగు కనిపించిన రోజున తేదీ, కార్తె, ముందు రోజుల్లో వాన పడిందా లేదా, ఆ గడ్డి ఏ వరిది, అది మెట్టా మాగాణా, చుట్టూ నీళ్లు ఉప్పగా ఉంటాయా అనేవి ఒక కాగితం మీద రాయండి. పైపొర ఇంకా చీలని ఒకటి రెండు మొగ్గల్ని మొదలుతో సహా తీసి కాగితం సంచిలో పెట్టండి. పాలిథిన్ వద్దు, ఫ్రిజ్ అసలే వద్దు. ఆ రోజే దగ్గర్లోని కేంద్రానికి చేర్చండి. మొగ్గ లోపలి కండ నుంచి గోరంత ముక్క తీసి, శుభ్రంగా పోషక మాధ్యమం మీద పెడితే ఆ శాఖ బతుకుతుంది.

తినడం విషయంలో మాత్రం ఒక మాట. గడ్డి పుట్టగొడుగు మొగ్గ దశలో అమనైటా అనే విషపు జాతుల మొగ్గకు అచ్చం పోలి ఉంటుంది. ఆసియా నుంచి అమెరికా వెళ్లినవాళ్లు అక్కడి విషపు అమనైటాను తమ ఊరి గడ్డి పుట్టగొడుగే అనుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. విప్పిన టోపీని కాడ తీసి తెల్లకాగితం మీద ఒక రాత్రి బోర్లిస్తే కింద బీజాల ముద్ర పడుతుంది. గడ్డి పుట్టగొడుగుది గులాబి రంగు, అమనైటాది తెలుపు. ఆ ముద్ర శాస్త్రవేత్తకు పనికొచ్చే ఆధారం, దాన్ని చూసి మీరే కూర వండుకోవద్దు. తెలిసినవాళ్లు సరే అనేదాకా ఆ మొగ్గ సంచిలోనే ఉండాలి.